కోస్తాను పద్దులో రాసుకున్న వంశం

1759 మార్చి నెలాఖరున దక్కను సుబేదారు సలాబత్ జంగ్ తన సేనలతో బెజవాడ దగ్గర దిగి ఉన్నాడు. అక్కడికి నలభై మైళ్ల దూరంలో కర్నల్ ఫోర్డ్ బందరు కోటను ముట్టడించి కూర్చున్నాడు. కోటలో ఉన్నది సలాబత్ జంగ్ మిత్రులు ఫ్రెంచివాళ్లు. ఫోర్డ్ దగ్గర జీతాలకు డబ్బు లేదు, అతని తెల్ల సిపాయిలు అప్పటికే ఒకసారి తిరగబడ్డారు. రాజమహేంద్రవరం వైపు మరో ఫ్రెంచి దళం ఉంది. ముందు కోట, పక్కన సుబేదారు సేన, వెనక ఫ్రెంచివాళ్లు, ఇదీ ఇంగ్లీషువాళ్ల పరిస్థితి. అయినా ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డ్ మనుషులు బురదలో పడి కోట మీదికి వెళ్లారు, తెల్లవారేసరికి కోట వాళ్లదైంది. పట్టుబడ్డ వాళ్ల సంఖ్య పట్టుకున్న వాళ్ల సంఖ్యను మించింది. సలాబత్ జంగ్ యుద్ధానికి దిగలేదు. మే 14న ఒడంబడిక రాసిచ్చి, బందరును, నిజాంపట్నాన్ని, కొండవీటి సీమను ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఇనాముగా వదులుకున్నాడు. హైదరాబాదులో తమ్ముడు నిజాం అలీ తన పీఠానికి ఎసరు పెడుతున్నాడన్నదే అతని తొందర. సలాబత్ జంగ్ ముత్తాత ఖ్వాజా ఆబిద్ సమర్‌ఖండ్ ప్రాంతం నుంచి వచ్చి మొగలుల కొలువులో చేరినవాడు, 1687లో గోల్కొండ ముట్టడిలో ఫిరంగి గుండు తగిలి చనిపోయాడు. నాలుగో తరానికి వచ్చేసరికి ఆ ఇంటివాళ్లు యుద్ధాన్ని కిరాయికి అప్పజెప్పి ఒడంబడికలతో నెగ్గుకొచ్చే పద్ధతికి అలవాటుపడ్డారు.

ఆ వంశమే అసఫ్ జాహీలు. వాళ్ల చరిత్రను మనం సాధారణంగా హైదరాబాదు నుంచి చదువుతాం. చార్మినారు, ఫలక్‌నుమా, ఉస్మానియా, నగలు, చివరికి పోలీసు చర్య. కృష్ణా డెల్టా నుంచి చదివితే వేరే కథ కనిపిస్తుంది. ఈ వంశం కోస్తాను ఎప్పుడూ సముద్రంగా చూడలేదు. ఏటా ఇంత వసూలయ్యే పద్దుగానే చూసింది. సైన్యం జీతాలకు చిక్కు వచ్చినప్పుడల్లా ఆ పద్దును ఎవరో ఒకరికి రాసిచ్చి బయటపడింది. ఆ రాతల వల్ల గద్దె నిలిచింది, సముద్రం పోయింది. 1948లో హైదరాబాదు ఎందుకు అయిదు రోజుల్లో కూలిందో, తెలుగునేల మధ్య సరిహద్దు ఎందుకు కోదాడ దగ్గర పడిందో అర్థం కావాలంటే పద్దెనిమిదో శతాబ్దపు ఆ జీతాల చిక్కు దగ్గరే మొదలుపెట్టాలి.

కోస్తాను సముద్రంగా చూడటం దక్కను పాలకులకు చేతకాని పని కాదు. అసఫ్ జాహీల కంటే ముందు గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీలూ తురుష్క మూలం వాళ్లే. హమదాన్ నుంచి వచ్చిన సుల్తాన్ కులీ నల్లగొర్రె తుర్కమానుల వంశంవాడు. ఆ ఇంటివాళ్లకు మచిలీపట్నం, అంటే బందరు, రాజ్యానికి వాకిలి. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో అక్కడికి చేరేనాటికే ఆ రేవు నుంచి పర్షియాకు, ఎర్రసముద్రానికి, పెగూకు, అచేకు ఓడలు నడుస్తున్నాయి. పెడన, బందరు చుట్టుపక్కల అద్దకం బట్టలు, గోల్కొండ వజ్రాలు, ఉక్కు బయటికి వెళ్లేవి. గుర్రాలు, బంగారం, హజ్ యాత్రికులు ఆ దారినే వచ్చిపోయేవాళ్లు. మీర్ జుమ్లా లాంటి అమీర్లకు సొంత ఓడలే ఉండేవి. అబ్దుల్లా కుతుబ్ షా 1639లో స్వయంగా బందరు దాకా వచ్చి రేవు చూసి వెళ్లాడు. తానీషా ఇదే దారిలో కూచిపూడి భాగవతుల ఆట చూసి ఆ ఊరిని వాళ్లకు అగ్రహారంగా ఇచ్చాడని ఈ ప్రాంతంలో అందరూ చెప్పుకునే కథ. కథ మాట ఎలా ఉన్నా, గోల్కొండ సుల్తానుకు బందరు దారి తెలుసని జనం నమ్మిన మాట నిజం. అసఫ్ జాహీ నిజాముల గురించి డెల్టాలో అలాంటి కథ ఒక్కటీ పుట్టలేదు.

మొదటి నిజాం మీర్ ఖమరుద్దీన్‌ను ఈ విషయంలో తప్పుపట్టడం అన్యాయం. కుర్రవాడిగా ఉండగానే కత్తిసాముకు పేరు తెచ్చుకుని, ఔరంగజేబు చేత చిన్ ఖిలిచ్ ఖాన్ బిరుదు పొందాడు. ఢిల్లీ రాజకీయాల్లో ఆరితేరాడు. 1724లో శకర్‌ఖేడా దగ్గర ముబారిజ్ ఖాన్‌ను ఓడించి దక్కనులో స్థిరపడ్డాడు. అప్పుడు కూడా చక్రవర్తి మీద తిరుగుబాటు ప్రకటించలేదు, చక్రవర్తి పేరు మీదే పాలించాడు. 1739లో కర్నాల్‌లో మొగలు సేన చిత్తయ్యాక నాదిర్ షాతో మొదటి బేరం కుదిర్చింది కూడా ఇతనే. సైనికుడు, రాయబారి ఒకే మనిషిలో ఉన్న ఆఖరి తరం అది. అతని చూపంతా ఉత్తరం మీద, మరాఠాల మీద ఉంది. గుర్రం వెళ్లగలిగినంత మేరే అతని లోకం. సముద్రం మీద ఐరోపా వాళ్ల మధ్య మొదలైన పోటీ తన ఇంటిదాకా వస్తుందని 1748లో బుర్హాన్‌పూర్‌లో కన్నుమూసేనాటికి అతనికి తెలిసే అవకాశం తక్కువ.

అతని తర్వాత వచ్చినవాళ్లకు ఆ సాకు లేదు. మూడేళ్లలో కొడుకు నాసిర్ జంగ్, మనవడు ముజఫర్ జంగ్ హతమయ్యారు. సలాబత్ జంగ్‌ను గద్దె మీద కూర్చోబెట్టిన బుస్సీ తన ఫ్రెంచి దళానికి జీతం అడిగాడు. 1753లో ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులు ఆ జీతం కింద ఫ్రెంచివాళ్లకు వెళ్లాయి. ముస్తఫానగర్ అంటే కొండపల్లి సర్కారు, బెజవాడ అందులోదే. ఇక్కడ జరిగిన పని జాగ్రత్తగా చూడాలి. సైన్యం కోసం భూమి ఇచ్చారు. భూమి చేతిలో పడ్డాక ఆ సైన్యం యజమాని మాట వినాల్సిన అవసరం తగ్గింది. జీతం ఇచ్చేవాడి చేతిలో ఖజానా ఉంటేనే సిపాయి అతని సిపాయి. ఖజానాయే సిపాయి చేతికిచ్చాక యజమాని పేరుకే మిగులుతాడు. ఈ పొరపాటును ఈ వంశం వందేళ్లలో కనీసం మూడుసార్లు చేసింది. 1753లో ఫ్రెంచివాళ్లతో సర్కారులు, 1800లో కంపెనీతో దత్త మండలాలు, 1853లో బేరారు.

1766 ఒడంబడిక వీటన్నిటికంటే ముఖ్యమైనది. అంతకు ముందు ఏడాది క్లైవ్ అలహాబాదులో చక్రవర్తి షా ఆలం చేత ఉత్తర సర్కారులను కంపెనీకి ఇస్తూ ఫర్మానా రాయించుకున్నాడు. 1766 మార్చిలో జనరల్ కాలియో కొండపల్లి కోటను పట్టుకున్నాడు. అప్పటికే అన్న సలాబత్ జంగ్‌ను బీదరు కోటలో బంధించి నిజాం అలీ గద్దెనెక్కి ఉన్నాడు. అతను మండిపడి కర్ణాటకం మీదికి దండెత్తుతానని బెదిరించాడు. ఆ బెదిరింపుకు మద్రాసు కౌన్సిలు నిజంగానే భయపడింది. కందరేగుల జోగిపంతులు వంటి తెలుగు దుబాసీలు కూడా నడిపిన రాయబారాలు ఫలించి నవంబరు 12న హైదరాబాదులో సంధి కుదిరింది. అయిదు సర్కారులకు కంపెనీ ఏటా 9 లక్షల రూపాయలు కట్టాలి: రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగర్ మూడింటికీ 5 లక్షలు, శ్రీకాకుళానికి 2 లక్షలు, ముర్తుజానగర్ అనే గుంటూరుకు 2 లక్షలు. నిజాంకు అవసరమైనప్పుడు సైన్యం పంపాలి. గుంటూరు మాత్రం తమ్ముడు బసాలత్ జంగ్ బతికున్నంత కాలం అతనిది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలికగా తోసెయ్యదగ్గది కాదు. పోయిన ప్రాంతానికి కనీసం డబ్బయినా రాబట్టిన నిజాం అలీని గడుసువాడనాలి గానీ, సముద్రం వదులుకున్నాడని నిందించడం ఇప్పుడు కూర్చుని చెప్పే తెలివి కాదా? కోట ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉంది, ఫర్మానా వాళ్ల చేతిలో ఉంది, ఇంకేం చేస్తాడు? దీనికి జవాబు ఆ సంధి పత్రంలోనే ఉంది. ఫర్మానా చేతిలో ఉండి కూడా కంపెనీ 9 లక్షలు ఒప్పుకుందంటే నిజాం అలీకి బేరమాడే సత్తా ఉందన్నమాట. ఆ సత్తాతో అతను ఏమి నిలబెట్టుకున్నాడన్నదే ప్రశ్న. రేవును కాదు, రేవు దాకా వెళ్లే దారినీ కాదు. వజ్రాల గనులు, వాటి కింది గ్రామాలు ఎప్పటిలాగే నిజాంవిగా ఉండాలన్న షరతు పెట్టించాడు. అలా పరిటాల, మొగులూరు, గనిఆత్కూరు, ఉస్తేపల్లి, కొడవటికల్లు, నక్కలంపేట, బత్తినపాడు చుట్టూ కంపెనీ సీమ ఉండగా తాము నిజాం రాజ్యంగా మిగిలాయి. నేటి విజయవాడ–హైదరాబాదు రహదారి మీద, ఇబ్రహీంపట్నం దాటి నందిగామ వెళ్లే దారిలో 135 అడుగుల ఆంజనేయ విగ్రహం కనిపించే చోటే ఆ పరిటాల. కోహినూరు కొల్లూరులో దొరికిందని కొందరు, పరిటాలలో దొరికిందని కొందరు అంటారు. ఆ కీర్తి పాతది. సంధి నాటికి ఆ గనుల వైభవం చాలావరకు వెనకబడింది. అయినా ఒక రాజ్యం చేజారుతున్న సీమలో దేన్ని పట్టుకుని ఆగిందో చూస్తే దాని మనసులో దేనికి విలువో తెలుస్తుంది.

ఆ కాలంలో వేరేలా ఆలోచించినవాళ్లు లేకపోలేదు. తిరువాన్కూరు మార్తాండవర్మ 1741లో కొలచెల్ దగ్గర డచ్చివాళ్లను ఓడించి మిరియాల వ్యాపారాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు. హైదర్ అలీ 1763లో బిదనూరు గెలిచి మంగళూరు చేతికి రాగానే ఓడలు కట్టించే పని మొదలుపెట్టాడు. అతనూ నిజాం అలీలాగే గుర్రం మీద పెరిగినవాడే. కాలం ఒక్కటే, చూపు వేరు. నిజాం అలీ 1767లో హైదర్‌తో కలిసి ఇంగ్లీషువాళ్ల మీద యుద్ధానికి దిగినమాట నిజమే. కానీ కొద్ది నెలలకే విడిపోయాడు. 1768లో మళ్లీ సంధి చేసుకుని, కంపెనీ ఏటా కట్టాల్సిన పేష్కష్‌ను తగ్గించినా ఒప్పుకున్నాడు. బసాలత్ జంగ్ 1782లో పోయాడు. గుంటూరును మరికొన్నాళ్లు సాగదీసి 1788లో అప్పజెప్పారు. అంతటితో కృష్ణకు రెండు పక్కలా కోస్తా పోయింది.

అంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. సముద్రం చూసిన హైదర్ కొడుకు 1799లో శ్రీరంగపట్నం కోటలో నేలకొరిగాడు. సముద్రం వదులుకున్న నిజాం వంశం అతని కంటే 149 ఏళ్లు ఎక్కువ ఏలింది. రాజ్యాన్ని కాపాడుకోవడమే రాజు పని అయితే ఎవరిది తెలివి? దీన్ని నేను ఒప్పుకుంటాను. బతకడం ఈ వంశానికి తెలిసినంతగా దక్కనులో ఎవరికీ తెలియదు. మరాఠాలు, ఫ్రెంచివాళ్లు, మైసూరు, కంపెనీ, అందరి మధ్యా తప్పుకుంటూ నిలబడటం సామాన్యమైన నేర్పు కాదు. కానీ ఆ నేర్పు దేనికి వాడారన్నది కూడా చూడాలి కదా. 1802లో కంపెనీతో చేసుకున్న వ్యాపార ఒడంబడికలో మచిలీపట్నం రేవును స్వేచ్ఛగా వాడుకునే హక్కు, అక్కడ వర్తక కోఠీ పెట్టుకునే హక్కు నిజాంకు కాగితం మీద దక్కాయి. తెలంగాణ పత్తికి, నూలుకు, ఉక్కుకు అది తిరిగి తెరుచుకున్న తలుపు. ఆ తలుపులోంచి హైదరాబాదు జెండాతో నౌకాదళం గానీ, చెప్పుకోదగ్గ వర్తకం గానీ రాలేదు.

1823 మాట వేరే చెప్పాలి, ఎందుకంటే నా వాదనకు అంతకంటే గట్టి సాక్ష్యం లేదు. అప్పటికి సర్కారుల పేష్కష్ ఏటా 7 లక్షలు. సికందర్ జా ప్రభుత్వం, చందూలాల్ పెత్తనం కింద, విలియం పామర్ కంపెనీ దగ్గర అధిక వడ్డీకి తెచ్చిన అప్పుల్లో మునిగి ఉంది. రెసిడెంటు మెట్కాఫ్ ఆ అప్పును వదిలించాలని పట్టుబట్టాడు. దారి ఏమిటంటే సర్కారుల మీద మిగిలిన హక్కును ఒకేసారి అమ్మెయ్యడం. ధర 1,16,66,666 రూపాయలు. ఆ వింత అంకె ఎక్కడిదో లెక్కవేస్తే తెలుస్తుంది: నూటికి 6 వడ్డీ వేస్తే ఏటా సరిగ్గా 7 లక్షలు ఇచ్చే అసలు అది. గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న తీరం, గోదావరి, కృష్ణా డెల్టాలు, రేవులు, ఊళ్లు, వాటిలోని జనం, అన్నీ కలిసి ఒక వడ్డీ లెక్కకు సమానమయ్యాయి. ఆ డబ్బు ఎక్కువ రోజులు ఖజానాలో నిలవలేదు కూడా, పామర్ అప్పుకు పోయింది.

అప్పటి డెల్టా ఇప్పటి డెల్టా కాదు, దానికి అంతకంటే ధర ఎందుకు పలుకుతుందని అడగొచ్చు. ఆ మాటలో న్యాయం ఉంది. పదేళ్లు తిరక్కుండానే గుంటూరు సీమను 1832–33 కరువు కబళించింది. ఆ కరువు వచ్చింది కంపెనీ పాలనలోనే, నిజాం పాలనలో కాదు. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయ్యాకే పశ్చిమాన తెనాలి, తూర్పున గుడివాడ మాగాణులుగా మారాయి. బందరు రేవు పూడుతూ వచ్చింది. 1864 నవంబరు ఉప్పెన దానికి కోలుకోలేని దెబ్బ కొట్టింది. కాబట్టి నిజాం చేతిలోనే ఉండి ఉంటే డెల్టా బాగుపడేదని నేను అనను. అనడానికి ఆధారం లేదు. నేను అనేది ఆ లెక్క తెలుగువాళ్లను రెండు రాజ్యాలవాళ్లను చేసిందని. కోదాడ దాటితే కల్దారు రూపాయి పోయి హాలీ రూపాయి వచ్చేది, ఆరు కల్దారులకు ఏడు హాలీలు. బండి కరోడ్‌గిరి నాకా దగ్గర ఆగాలి, సుంకం కట్టాలి. బడి భాష మారేది, కచేరీ భాష మారేది, భూమి మీద హక్కుల పద్ధతి మారేది. ఇటు జమీందారు, రైత్వారీ, అటు జాగీర్దారు, దేశముఖు. ఒక సైన్యపు జీతంతో మొదలై 1766లో స్థిరపడిన గీత దాదాపు రెండు వందల ఏళ్లు మనుషుల మధ్య నడిచింది. దానికి అటుపక్క మునగాల పరగణా కృష్ణా జిల్లా ముక్కగా నిజాం రాజ్యం మధ్యలో ఉండిపోయింది. దాని జమీందారు నాయని వెంకట రంగారావు, దివాను కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టడానికి పూనుకున్నారు. గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లను పుస్తకంతో కలిపిన ఆ పని, ఈ మొత్తం కథలో నాకు మనసు నిండే ఘట్టం.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ వంశం తన తురుష్క మూలాల వైపు తిరిగి చూసింది. 1924 మార్చి 3న టర్కీ రిపబ్లిక్కు ఖిలాఫత్‌ను రద్దుచేసి చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ను దేశం దాటించింది. ఆయనకు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నెలకు 300 పౌన్ల భత్యం పంపాడు. 1931 నవంబరు 12న ఫ్రాన్సులోని నీస్‌లో ఖలీఫా కూతురు దుర్రె షెహ్వార్‌కు నిజాం పెద్ద కొడుకు ఆజం జాతో, ఆ ఇంటి మరో అమ్మాయి నీలోఫర్‌కు చిన్న కొడుకు మొఅజ్జం జాతో పెళ్లిళ్లు జరిగాయి. సర్కారుల సంధి జరిగిన తేదీ కూడా నవంబరు 12 కావడం యాదృచ్ఛికమే. ఆ సంధితో తీరం పోయింది, ఈ పెళ్లితో ఒక సింహాసనపు గౌరవం వచ్చింది. రిపబ్లిక్కు వెళ్లగొట్టిన సామ్రాజ్యపు పరువును కట్నంలా ఇంటికి తెచ్చుకున్న ఈ వంశానికి, తన ఇంటి ముందుకూ ఒక రిపబ్లిక్కు రాబోతోందన్న సంగతి అప్పటికి పట్టలేదు.

1947లో స్వతంత్రంగా ఉంటామని నిజాం ప్రకటించినప్పుడు మళ్లీ పాత ప్రశ్నే ముందుకొచ్చింది: రేవు ఏది? గోవాలో మర్మగోవా రేవు కోసం పోర్చుగీసువాళ్లతో మంతనాలు నడిపారు. సర్ వాల్టర్ మాంక్టన్‌ను న్యాయ సలహాదారుగా పెట్టుకున్నారు. నవంబరు 29న యథాతథ ఒప్పందం చేసుకున్నారు. మరుసటి ఏడు మొయిన్ నవాజ్ జంగ్‌ను భద్రతా సమితికి పంపారు. రాయబారాలన్నీ ఆ వంశానికి అలవాటైన పద్ధతిలోనే నడిచాయి. ఆయుధాలు మాత్రం సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో తేవలసి వచ్చింది, ఎందుకంటే ఓడ దిగే చోటు ఆ రాజ్యానికి లేదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం పడమటి నుంచి షోలాపూర్ వైపుగా, తూర్పు నుంచి విజయవాడ వైపుగా బయలుదేరింది. తూర్పు దళానికి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర నాయకుడు. అది కోదాడ, మునగాల మీదుగా సూర్యాపేట దారి పట్టింది. 17న కాల్పులు ఆగాయి. ఈలోగా పరిటాల చుట్టుపక్కల ఊళ్లు 1947లోనే నిజాం పాలన వద్దని తమది రిపబ్లిక్ అని ప్రకటించుకున్నాయి, హైదరాబాదు వ్యవహారం తేలాక కృష్ణా జిల్లాలో కలిశాయి. 1766లో సంధి పత్రంలో పట్టుబట్టి నిలుపుకున్న ఊళ్లు అవే.

నిజాం 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు 31 దాకా రాజ్‌ప్రముఖ్‌గా ఉన్నాడు. భారత రిపబ్లిక్కు ఆయనను తరిమెయ్యలేదు, రాజ్యాంగం కింద ఒక పదవి ఇచ్చింది. ఆయన వియ్యంకుడి ఇంటికి టర్కీ రిపబ్లిక్కు ఆ మాత్రం చోటు ఇవ్వలేదు. మనవడు ముకర్రం జా నీస్‌లో పుట్టి, శాండ్‌హర్స్ట్‌లో సైనిక శిక్షణ పొంది, 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో పోయి, మక్కా మసీదులో సమాధి అయ్యాడు. వంశం కథ అక్కడికి వచ్చింది. గీత మాత్రం పోలేదు. 1956లో చెరిపేశామనుకున్న దాన్ని 2014లో దాదాపు అక్కడే, గరికపాడుకూ కోదాడకూ మధ్య మళ్లీ గీశాం. ఇప్పుడు బందరులో కొత్త రేవు కడుతున్నారు. హైదరాబాదు దగ్గర డ్రైపోర్టు కట్టి, దాన్ని బందరు రేవుకు కలుపుతూ గ్రీన్‌ఫీల్డ్ రహదారి, రైలు మార్గం కావాలని తెలంగాణ ప్రభుత్వం కేంద్రాన్ని అడుగుతోంది. 1802 ఒడంబడికలో కాగితం మీద మిగిలిపోయిన దారి అదే. దాన్ని ఈసారి వేయాల్సింది రెండు రాష్ట్రాల శాసనసభలు, ఇద్దరు ముఖ్యమంత్రులు, ఓటర్లకు లెక్క చెప్పుకోవాల్సినవాళ్లు.